హెడ్‌ఫోనుకు ఎన్ని వాట్లు కావాలి?

మన చాందాలో, బల్లార్షాలో పాటలంటే చెవి కోసుకునే వాళ్లకు కొదవ లేదు. వాళ్లలో కొందరి దృష్టి ఈమధ్య ప్లానార్ మాగ్నెటిక్ అనే రకం హెడ్‌ఫోన్లమీద పడింది. ధర వేలల్లో ఉంటుంది. అంత పోసి కొన్నాక, దీనికి పెద్ద ఆంప్లిఫయర్ తగిలిస్తేగాని అసలు పలకదని ఎవరో ఒకరు చెబుతారు. ఆ ఆంప్లిఫయర్ కూడా ఒక్కోసారి హెడ్‌ఫోనంత ధర ఉంటుంది. గనిలో షిఫ్టు చేసి కూడబెట్టిన డబ్బు కదా, ఖర్చు చేసేముందు ఆ మాటలో నిజమెంతో లెక్క వేసి చూద్దాం.

మామూలు హెడ్‌ఫోనులో ఒక చిన్న గిన్నెలాంటి పొర ఉంటుంది. దాని వెనక తీగచుట్ట, ఆ చుట్టను ఆనుకున్నట్టుగా అయస్కాంతం. ప్లానార్‌లో తీగచుట్ట ఉండదు. చాలా పల్చని ప్లాస్టిక్ పొరమీద లోహపు గీతలు వేస్తారు. ఆ పొరకు ఒకవైపునో రెండువైపులానో అయస్కాంతాలు వరుసగా బిగిస్తారు. గీతల్లో కరెంటు పారినప్పుడు పొర మొత్తం ఒక్కసారిగా కదులుతుంది. ఇది కొత్త ఆలోచన కాదు, జపానులో యమహా కంపెనీ 1976లోనే ఈ పద్ధతిలో హెచ్‌పీ-1 అనే హెడ్‌ఫోనును తెచ్చింది.

తీగచుట్ట అయితే అయస్కాంతం మధ్య ఇరుకు సందులో కూర్చుంటుంది, అక్కడ అయస్కాంత బలం ఎక్కువ. ప్లానార్ పొర అరచేయంత వెడల్పున్నా, అది అటూఇటూ ఊగడానికి చోటు విడవాలి గనక అయస్కాంతాలు కొంచెం దూరంగా ఉండాలి. దూరం పెరిగితే పట్టు తగ్గుతుంది. అందుకే పాత ప్లానార్లు ఎక్కువ కరెంటు తాగేవి. ఆ పేరు అప్పుడు వచ్చిందే. తరవాత నియోడిమియం అయస్కాంతాలు వచ్చాయి, పొరలు ఇంకా పల్చబడ్డాయి, కాని పాత పేరు మాత్రం పోలేదు.

ఇప్పుడు లెక్క. హెడ్‌ఫోను పెట్టెమీద సెన్సిటివిటీ అని ఒక సంఖ్య వేస్తారు. ఒక మిల్లీవాటు, అంటే వాటులో వెయ్యో వంతు శక్తి ఇస్తే ఎన్ని డెసిబెళ్ల శబ్దం వస్తుందో ఆ సంఖ్య చెబుతుంది. ఆపైన ప్రతి పది డెసిబెళ్లకూ పదిరెట్ల శక్తి కావాలి. ఈ రెండు ముక్కలు గుర్తుంటే చాలు.

ప్లానార్లలో అందరికంటే తిండిపోతుగా పేరుపడ్డది హైఫైమ్యాన్ హెచ్‌ఈ-6. దాని సెన్సిటివిటీ 83.5, ఇంపీడెన్స్ 50 ఓములు. మీరు సగటున 80 డెసిబెళ్ల దగ్గర పాట వింటున్నారనుకోండి. దానికి ఇది అడిగేది అర మిల్లీవాటు కూడా కాదు! అయితే పాటలో ఒక్కసారిగా డప్పు మోగుతుంది, మృదంగంమీద గట్టి దెబ్బ పడుతుంది. అలాంటి చోట్లకు సగటుకంటే 20 డెసిబెళ్లు అదనంగా ఉంచుకుంటే 45 మిల్లీవాట్లు కావాలి. ఇంకో పది డెసిబెళ్లు ధీమాకోసం కలిపితే సుమారు 450. అంటే అరవాటు లోపే.

అదే కంపెనీ సుందరా అనే మోడల్ చూడండి. సెన్సిటివిటీ 94, ఇంపీడెన్స్ 37 ఓములు. ఇందాకటి ధీమా లెక్క దీనికి 40 మిల్లీవాట్లతో తీరిపోతుంది. ఒక వోల్టు ఇవ్వగల చిన్న ఫోను అడాప్టరు దీనికి 27 మిల్లీవాట్లు అందిస్తుంది. అంటే 108 డెసిబెళ్లు. అంతకుమించి ఎవరికి కావాలి? అదే అడాప్టరును హెచ్‌ఈ-6కు పెడితే 96 దాటి కొంచెం పోతుంది, పెద్ద దెబ్బల దగ్గర చాలకపోవచ్చు. కనక ఆంప్లిఫయర్ అక్కరే లేదని నేననను. ఏ హెడ్‌ఫోనుకు అక్కరో ఆ సంఖ్యను చూసి తేల్చుకోవాలి, ప్లానార్ అన్న పేరును చూసి కాదు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. కొందరు తయారీదారులు మిల్లీవాటుకు బదులు ఒక వోల్టుకు ఎంత శబ్దమో వేస్తారు. 32 ఓముల హెడ్‌ఫోనుకు ఒక వోల్టంటే 31 మిల్లీవాట్లు. వోల్టుకు 100 అని రాసి ఉంటే, మిల్లీవాటు లెక్కలో అది 85 మాత్రమే. సంఖ్య పక్కన ఏముందో చూడకుండా కొంటే లెక్క ముప్పైరెట్లు తప్పుతుంది.

పెద్ద ఆంప్లిఫయర్ పెట్టగానే పాట విచ్చుకుందని కొందరంటారు. చాలాసార్లు అక్కడ జరిగింది శబ్దం కాస్త పెరగడమే. ఒక్క డెసిబెల్ పెరిగినా చెవికి అది గట్టిగా కాక, మెరుగ్గా తోస్తుంది. రెంటినీ సరిగ్గా ఒకే మోతలో పెట్టి, ఏది ఏదో తెలియకుండా మార్చిమార్చి వింటేగాని తేడా చెప్పలేం. పైగా ప్లానార్ ఇంపీడెన్స్ అన్ని స్వరాల దగ్గరా దాదాపు ఒకేలా ఉంటుంది. అందువల్ల ఆంప్లిఫయర్ మారినంతమాత్రాన స్వరాల పొందిక చెదరడమూ తక్కువే.

డబ్బు సంగతి అలా ఉంచండి. అవసరానికి మించిన శక్తి చేతిలో ఉంటే ఆ బరువు పడేది చెవిమీద. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు వినవచ్చు. 90 దగ్గరైతే 4 గంటలే. మన జిల్లాలో ఈ ఖాతా ఖాళీగా మొదలవదు. ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ల మధ్య, డ్రిల్లుల మధ్య షిఫ్టు చేసి వచ్చిన మనిషి చెవి అప్పటికే మొద్దుబారి ఉంటుంది. పాట చిన్నగా అనిపిస్తుంది, చెయ్యి నాబుమీదికి పోతుంది. పొద్దున్న విశ్రాంతి తరవాత అదే మోతలో విని చూడండి, రాత్రి ఎంత పెంచారో తెలుస్తుంది.

ఇక మన ఎండాకాలం. 47 డిగ్రీలు దాటిన రోజుల్లో కూలరు ఆపేదెవరు? ప్లానార్లలో చాలావాటికి వెనకవైపు తెరిచే ఉంటుంది, బయటి చప్పుడు నేరుగా లోపలికొస్తుంది. కూలరు హోరుపైన పాట వినాలని నాబు తిప్పుతూ పోతాం. అలాంటి గదిలో కొత్త ఆంప్లిఫయర్ కంటే కూలరుకు దూరంగా కుర్చీ వేసుకోవడం, లేదా చెవులు మూసే రకం హెడ్‌ఫోను వాడటం మేలు చేస్తుంది.

ఇంట్లో ఇప్పటికే పెద్ద ఆంప్లిఫయర్ ఉన్నవారు దాన్ని పారేయనక్కరలేదు. గెయిన్ మీట ఉంటే తక్కువమీద పెట్టండి. తీగ తగిలించేముందు నాబు సున్నాకు తేండి. పాట మొదలయ్యాకే హెడ్‌ఫోను తలకు పెట్టుకుని, నెమ్మదిగా పెంచండి. చేతిదూరంలో కూర్చున్న మనిషి మామూలుగా పిలిస్తే వినపడనంత మోత ఉంటే, ఒక మెట్టు తగ్గించండి.