కుళాయి పనివాడు గ్యాసు పనివాడగు విధము
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మోటారు మొరాయించినను, గొట్టము పగిలినను మనము మొదట కబురుపెట్టునది ఊరి ప్లంబరుకే. ఇప్పుడు పల్లెలందును వంటగ్యాసు వాడుకలోనికి వచ్చినది. విజయవాడ, కాకినాడ, హైదరాబాదు వంటి నగరములలో సహజవాయువు గొట్టముల ద్వారానే కొన్ని ఇండ్లకు చేరుచున్నది. “గొట్టము పని తెలిసినవాడే గదా, గ్యాసు పనియు ఇతడే చేయరాదా?” అని మీలో కొందరు మమ్ము అడిగియున్నారు. ఈ ప్రశ్నకు బ్రిటన్ దేశము అనుభవముచే నేర్చుకొన్న సమాధానమును నేడు విన్నవింపదలచినాము.

1968 మే 16వ తేదీ తెల్లవారుజామున, తూర్పు లండనులోని రోనన్ పాయింట్ అను 22 అంతస్తుల క్రొత్త భవనములో ఒక స్త్రీ తేనీరు కాచుకొనుటకు పొయ్యి వెలిగించినది. తత్‌క్షణమే గ్యాసు ప్రేలి, భవనములో ఒక మూల పైనుండి క్రింది వరకు కూలినది. నలుగురు మరణించిరి. పొయ్యికి గొట్టమును కలిపిన నాసిరకపు ఇత్తడి నట్టు విరిగి గ్యాసు కారినదని విచారణలో తేలినది. కట్టడములోని లోపము నష్టమును పెంచినది. కాని నిప్పునకు మూలము ఆ చిన్న నట్టే.

1970లో గ్యాసు పనివారి పేర్లు నమోదుచేయు సంస్థ ఒకటి అక్కడ ఏర్పడినది. 1991 నుండి నమోదు తప్పనిసరి అయినది. 2009 ఏప్రిల్ 1 నుండి గ్రేట్ బ్రిటన్‌లో ‘గ్యాస్ సేఫ్ రిజిస్టర్’ ఆ కార్యమును నిర్వహించుచున్నది. అందు పేరు లేనివాడు కూలికి గ్యాసు పని చేయుట అక్కడ నేరము.

ఇరువది ఏండ్లు నీటి గొట్టములు కలిపిన ప్లంబరునకైనను ఈ నియమమునుండి మినహాయింపు లేదు. అయితే అతని అనుభవము వృథా పోదు. గొట్టము కోయుట, కలుపుట తెలిసినవాడు గనుక క్రొత్తవానికంటె దగ్గరి దారి అతనికి కలదు. మొదట శిక్షణకేంద్రమున గ్యాసు స్వభావమును, చట్టమును నేర్చుకొనవలెను. పిదప నమోదైన పనివాని పర్యవేక్షణలో ఇండ్లలో పనిచేసి, చేసిన ప్రతి పనిని వ్రాసియుంచవలెను. అటుపై వ్రాతపరీక్షయు, చేతిపని పరీక్షయు ఉండును. ఉత్తీర్ణుడై నమోదైనవానికి ఛాయాచిత్రముతో కూడిన కార్డు ఇత్తురు. ఏయే పనులకు అతడు అర్హుడో ఆ కార్డు వెనుక వ్రాయబడియుండును. పొయ్యికి అర్హుడైనంత మాత్రమున అతడు బాయిలరును ముట్టరాదు. నమోదును ఏటేట పునరుద్ధరించుకొనవలెను. అయిదేండ్ల కొకసారి మరల పరీక్షకు నిలువవలెను.

ఇంత శ్రమ ఏల? నీరు కారినచో నేల తడియును; మరునాడు బిగించినను సరిపోవును. కారు గ్యాసు కంటబడదు. బ్రిటన్‌లో ఇంటి క్రొత్త గొట్టమును పరీక్షించు ఒత్తిడి సుమారు 20 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానము. మీ నీటి ట్యాంకు 10 మీటర్ల ఎత్తున ఉన్నచో దాని ఒత్తిడి ఇందుకు 50 రెట్లు! అంత స్వల్పమైన ఒత్తిడితో నింపి, ఒక నిమిషము నిలకడకు విడిచి, రెండు నిమిషములు కొలమానమును కనిపెట్టి చూతురు. అది ఏమాత్రము దిగరాదు. సహజవాయువు గాలికంటె తేలిక, పైకి పోవును. మన సిలిండరులోని గ్యాసు బరువైనది, నేలపై పరచుకొనును. గాలి చాలక మండినచో కార్బన్ మోనాక్సైడ్ పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన స్నానపు గదిలో గ్యాసు గీజరు ప్రాణము తీయుట ఇందువలననే.

మనకును ఈ దుఃఖము తెలియనిది కాదు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామమున పెద్ద గొట్టమునుండి కారిన సహజవాయువు అంటుకొని 20 మందికి పైగా బలియైరి. అది ఇంటి గొట్టము కాదు. అయినను గ్యాసు ఎంతటి మెలకువను కోరునో అది మనకు తెలిపినది.

గ్యాసు కారుచున్నదేమోయని అగ్గిపుల్ల గీచి చూచువారిని మేము పల్లెలలో చూచియున్నాము. సబ్బునీరు పూసి బుడగలకై చూడవలెను గాని నిప్పు చూపరాదు. వాసన వచ్చినచో రెగ్యులేటరు కట్టి, తలుపులు తెరచి, విద్యుత్ స్విచ్చులు ముట్టక, బయటికి వచ్చి 1906 నంబరునకు ఫోను చేయవలెను.

సభ్యులారా! మీ ఊరి ప్లంబరు నేర్పరియే. ఆ నేర్పును పరీక్షించి ధ్రువపత్రమిచ్చు పద్ధతి మన దేశమునను 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో చేర్చబడినది. కాని నీటి పనికి వచ్చిన పత్రము గ్యాసు పనికి చెల్లదు. గ్యాసు పని నేర్వగోరువానిని తగిన శిక్షణకు పంపుడు. శిక్షణకు పోయిన దినములలో అతనికి కూలి ఉండదు. ఇల్లు గడచుట కష్టము. ఆ దినములలో కుళాయి కారుచున్నదని విసుగుకొనక, తిరిగివచ్చిన పిదప చేయవలసిన పనికి కొంత ముందుగానే చెల్లించి ఆదుకొనుడు. అంతవరకు గ్యాసు పనికి పంపిణీదారు పంపిన మెకానిక్కునే పిలువుడు. అతని గుర్తింపుకార్డును అడిగి చూడుడు. అడుగుట అవమానించుట కాదు. పని తెలిసినవాడు కార్డు చూపుటకు వెనుదీయడు.