సొంత ఫోను, సర్కారు పని: హాట్‌స్పాట్‌ గురించి కొన్ని మాటలు

(శాఖా కార్యదర్శుల, కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



వేతనాలు, పింఛను, పదోన్నతుల వంటి పెద్ద సమస్యలపై ఇంతకు ముందు వక్తలు వివరంగా మాట్లాడి యున్నారు. మేము ఎత్తుకున్న విషయము చూపునకు చాల చిన్నది. అది స్మార్ట్‌ఫోనులో ఉండే ‘మొబైల్ హాట్‌స్పాట్’ అనే ఒక మీట. దానిని నొక్కినచో మన ఫోనుకు అందుతున్న ఇంటర్నెట్టు పక్కనున్న కంప్యూటరుకో, మరొకరి ఫోనుకో కూడా అందుతుంది. ఇంతమాత్రపు సంగతికి శిక్షణ తరగతిలో స్థానమెందుకని కొందరికి అనిపించవచ్చు. కాని నేడు మన కార్యాలయాలలో ఈ మీటను ఎవరు నొక్కుతున్నారు, ఎవరి పని కొరకు నొక్కుతున్నారు, ఆ ఖర్చు ఎవరిది, ఆ బాధ్యత ఎవరిది అని నాలుగు ప్రశ్నలు వేసుకుంటే, ఇది కేవలం యంత్ర విషయము కాదని, మన పని పరిస్థితుల విషయమని బోధపడుతుంది.

మొదట ఇది ఎట్లా పనిచేస్తుందో తెలుసుకుందాము. తెలియని దానిని గురించి కోరికల పత్రము వ్రాసినందువలన ప్రయోజనము లేదు.

ఫోనులో రెండు వేర్వేరు రేడియోలు ఉంటాయి. ఒకటి దూరానున్న టవరుతో మాట్లాడుతుంది. రెండవది వైఫై, అది గది మేరకు మాట్లాడుతుంది. మామూలుగా వైఫై విషయంలో ఫోను పుచ్చుకునేదిగా ఉంటుంది. హాట్‌స్పాట్ మీట నొక్కగానే అది ఇచ్చేదిగా మారుతుంది. టవరు నుండి వచ్చిన సమాచారాన్ని పక్క యంత్రాలకు పంచుతుంది. ఆ యంత్రాలలో ఒక్కొక్క దానికి లోపలి నంబరు ఒకటి కేటాయిస్తుంది. బయటి ప్రపంచానికి మాత్రము ఆ యంత్రాలేవీ వేర్వేరుగా కనిపించవు. అన్నింటికీ కలిపి ఆ ఫోను చిరునామాయే కనిపిస్తుంది.

తపాలా సోదరులకు ఇది కొత్త కాదు. బ్రాంచి ఆఫీసుకు పోవలసిన ఉత్తరాలన్నీ ఒకే బ్యాగులో, ఒకే లేబులుతో వెళ్తాయి. ఏ ఇంటి ఉత్తరము ఏదో దారిలోని వారు చూడరు. బ్యాగు విప్పి ఇంటింటికీ వేరు చేసేది బ్రాంచి పోస్ట్‌మాస్టరు. హాట్‌స్పాట్‌లో మన ఫోను చేసే ఉద్యోగము సరిగ్గా అదే. ఈ పోలికను గుర్తుంచుకోండి. బాధ్యత సంగతి వచ్చినప్పుడు మళ్ళీ అవసరమవుతుంది.

రైల్వే సోదరులకు మరొక పోలిక చెప్తాము. ఒకే జత తీగెలపై సెక్షను కంట్రోలరు, ఆ సెక్షనులోని స్టేషను మాస్టర్లందరూ మాట్లాడుకొనిన కంట్రోలు ఫోను పద్ధతి మీకు తెలుసు. ఒకరు మాట్లాడుతుండగా తక్కినవారు ఆగవలసినదే. వైఫై కూడా అంతే. గాలిలోని ఒకే దారిని యంత్రాలన్నీ వంతుల వారీగా వాడుకుంటాయి. వంతు క్షణంలో వేల భాగాలలో ఒకటి మాత్రమే కావడం వలన మనకు తెలియదు. ఒక ఫోనుకు ఐదారు యంత్రాలు తగిలిస్తే మాత్రము అందరికీ నెమ్మదిస్తుంది.

పంచే మార్గాలు మూడు. వైఫై ద్వారా అనేక యంత్రాలకు వేగంగా అందుతుంది గాని బ్యాటరీ త్వరగా హరించుకుపోతుంది, ఫోను వేడెక్కుతుంది. బ్లూటూత్ ద్వారా బ్యాటరీ ఖర్చు తక్కువ, వేగమూ తక్కువే. మూడవది చార్జింగు తీగను కంప్యూటరుకు తగిలించి ఇచ్చే పద్ధతి. ఒక్క కంప్యూటరుకే అయినచో ఇది మిక్కిలి మేలైనది. ఫోను చార్జి అవుతూనే ఉంటుంది, గాలిలో ఇతరులు చొరబడే అవకాశమూ ఉండదు. వైఫైలో కూడా 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లు కలవు. మొదటిది గోడ దాటి కొంత దూరము పోతుంది. రెండవది దగ్గరలో వేగంగా పనిచేస్తుంది. పాత కంప్యూటరుకు మన హాట్‌స్పాట్ పేరు కనిపించకపోతే, అది 5 గిగాహెర్ట్జ్‌ను అందుకోలేనిదై ఉండవచ్చు. ఫోనులో 2.4కు మార్చి చూడవలెను.

ఇక లెక్కకు వద్దాము. కార్మికుడు లెక్క తెలుసుకొని మాట్లాడవలెను.

సెకనుకు 1 మెగాబిట్ చొప్పున గంటసేపు సమాచారము నడిస్తే 450 మెగాబైట్లు ఖర్చవుతాయి. రోజుకు 1.5 జి.బి. ఇచ్చే ప్యాకు మూడు గంటల ఇరవై నిమిషాలకే అయిపోతుందన్నమాట. కంప్యూటరు తనకు తానుగా దించుకునే నవీకరణలు దీనికి అదనము. హాట్‌స్పాట్‌ను కంప్యూటరు అపరిమితమైన లైనుగా భావించి వందల మెగాబైట్లు మ్రింగివేయగలదు. విండోస్‌లో ఆ లైనును ‘మీటర్డ్ కనెక్షన్’గా గుర్తు పెట్టినచో ఈ దుబారా చాలవరకు తగ్గుతుంది. రోజు కోటా ముగిసిన తరువాత చాల ప్యాకులలో వేగము సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోతుంది. ఆ వేగముతో 1 మెగాబైటు దిగడానికి రెండు నిమిషాలకు పైగా పడుతుంది. అంతటితో కౌంటరు పనీ ఆగుతుంది, ఆ ఉద్యోగి ఇంట పిల్లల చదువూ ఆగుతుంది.

28 రోజుల ప్యాకు వేయించుకునేవారు సంవత్సరానికి 12 సార్లు కాదు, 13 సార్లు చెల్లిస్తున్నారు. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు రేట్లు పెంచిన సంగతి మీకు తెలిసినదే. ప్యాకు 300 రూపాయలనుకున్నా సాలుకు 3,900 రూపాయలవుతుంది. 2018 జూలై నుండి అమలులోకి వచ్చిన ఉత్తర్వు ప్రకారము నాలుగు గంటల పనిగల గ్రామీణ బ్రాంచి పోస్ట్‌మాస్టరు ప్రారంభ భత్యము, కరవు భత్యము కాక, నెలకు 12,000 రూపాయలు. సహాయకునికి, డాక్ సేవకునికి 10,000 రూపాయలు. ఆ 3,900 రూపాయలు బ్రాంచి పోస్ట్‌మాస్టరు ఒక నెల ప్రారంభ భత్యములో దాదాపు మూడవ వంతు. పెద్ద జీతగానికి లెక్కలోనికి రాని సొమ్ము చిన్న జీతగానికి భారమవుతుంది. ప్యాకులో ఏ భాగము ఇంటికి, ఏ భాగము ఆఫీసుకు పోయినదో ఎవరూ లెక్క కట్టడము లేదు. లెక్క కట్టని ఖర్చు ఎప్పుడూ బలహీనుని మీదనే పడుతుంది.

దేశంలో లక్షా అరవై వేలకు పైగా తపాలా కార్యాలయాలు కలవు. వాటిలో అత్యధిక భాగము పల్లెలలోనివే. 2017 డిసెంబరులో ‘దర్పణ్’ పథకముతో బ్రాంచి ఆఫీసులకు చేతి యంత్రాలు వచ్చాయి. 2025 ఆగస్టులో కొత్త సాంకేతిక వ్యవస్థ దేశమంతటా అమలయినది. మనము యంత్రాలను వ్యతిరేకించే వారము కాము. కాని లైను ఉంటేనే లావాదేవీ జరిగే కాలములో లైను పోయినప్పుడు ఏమి చేయవలెనన్నది యాజమాన్యము ఆలోచించవలసిన విషయము. ఆచరణలో అది కౌంటరు దగ్గర కూర్చున్న ఉద్యోగి సమస్యగా మారిపోతున్నది. ఎదుట పింఛను కొరకు వచ్చిన ముసలమ్మ కూర్చొని యుంటుంది. లోపల లైను లేదు. ‘నీ ఫోను ఉన్నది గదా, తగిలించు’ అని పైనుండి నోటి మాట వస్తుంది. ఉద్యోగి తగిలిస్తాడు. అతడు మంచివాడు కనుక తగిలిస్తాడు. అతని మంచితనము రెండవ వారము నుండి ఏర్పాటుగా మారుతుంది. ఏర్పాటు సరిగా నడుస్తున్నది కనుక లైను బాగుచేయించవలసిన తొందర ఎవరికీ ఉండదు. కొత్త సమస్య ఇట్లా స్థిరపడుతుంది.

రైల్వేలో సిగ్నలు చెడిపోతే మనము ఏమి చేస్తాము? రిజిస్టరులో వ్రాసి, మెమో ఇచ్చి, నిబంధన ప్రకారము బండిని నడుపుతాము. స్టేషను మాస్టరు తన జేబులోని డబ్బుతో సిగ్నలు బాగుచేయించడు. లైను విషయంలో వేరే ధర్మము ఎందుకుండవలెను?

ఇప్పుడు బాధ్యత సంగతి. బయటి ప్రపంచానికి కనిపించేది మన ఫోను చిరునామాయే అని చెప్పియున్నాము. మన హాట్‌స్పాట్‌కు తగులుకొని మరొకడు మోసము చేసినచో విచారణ మొదట సిమ్ ఎవరి పేర ఉన్నదో వారి గుమ్మము ముందుకే వస్తుంది. కాబట్టి హాట్‌స్పాట్ పాస్‌వర్డును తపాలా ఆఫీసు డేటు స్టాంపుతో సమానంగా చూడండి. డేటు స్టాంపును ఎంత స్నేహితునికైనా చేతికిచ్చి ఇంటికి వెళ్ళము గదా!

పాటించవలసిన జాగ్రత్తలు ఇవి.

ఒకటి: హాట్‌స్పాట్‌కు మీ పేరు గాని, ఫోను నంబరు గాని, కార్యాలయము పేరు గాని పెట్టవద్దు.

రెండు: పాస్‌వర్డు లేకుండా తెరచి ఉంచవద్దు. కనీసము 12 అక్షరాలు ఉండవలెను. ఫోను నంబరు, పుట్టిన తేదీ పనికిరావు. భద్రతా పద్ధతి డబ్ల్యు.పి.ఎ.2 గాని, 2018లో వచ్చిన డబ్ల్యు.పి.ఎ.3 గాని అయి ఉండవలెను.

మూడు: ఎన్ని యంత్రాలు తగులుకొని యున్నవో ఫోనే చూపిస్తుంది. తెలియని పేరు కనిపిస్తే పాస్‌వర్డు మార్చండి. పని కాగానే మీట ఆపండి.

నాలుగు: మండు వేసవిలో ఫోనును కాగితాల కింద, దిండు కింద పెట్టి హాట్‌స్పాట్ నడపవద్దు. గాలి తగిలేచోట ఉంచండి.

ఐదు: స్టేషన్లలో ఉచిత వైఫై 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌తో మొదలై నేడు ఆరు వేలకు పైగా స్టేషన్లలో కలదు. అదే పేరుతో ఎవడైనా తన ఫోనులో హాట్‌స్పాట్ తెరచి వల పన్నగలడు. పేరు ఒకటైనంత మాత్రాన లైను ఒకటి కాదు. అటువంటి చోట బ్యాంకు పనులు చేయవద్దు. సొంత డేటా వాడుకొనుట మేలు.

ఒక అపోహను కూడా తొలగించవలసి యున్నది. హాట్‌స్పాట్ ఇచ్చినంత మాత్రాన ఎదుటివారికి మన ఫోటోలు, సందేశాలు కనిపించవు. కాని ఒకే లైనుపై ఉన్న కంప్యూటర్లలో పంచుకొనుటకు తెరచిన ఫోల్డర్లు ఉంటే అవి కనిపించవచ్చు. కొత్త లైనుకు తగిలించినప్పుడు కంప్యూటరు అడిగే ప్రశ్నకు ‘పబ్లిక్’ అని ఎన్నుకొనుట క్షేమము.

శాఖ కంప్యూటరు విషయంలో మరింత జాగ్రత్త అవసరము. అది శాఖ లోపలి లైనుకు తగిలి యుండగానే మన ఫోనుకు కూడా తగిలిస్తే, లోపలి వ్యవస్థకు బయటి నుండి ఒక దొడ్డిదారి తెరచినట్లవుతుంది. ఏదైనా జరిగితే నోటి మాటతో ఆజ్ఞాపించినవారు అక్కడ ఉండరు. తగిలించిన చేయి మాత్రమే ఉంటుంది. కాబట్టి వ్రాతపూర్వకమైన ఆదేశము లేనిదే శాఖ కంప్యూటరుకు సొంత ఫోను తగిలించవద్దు. ఇది సహాయ నిరాకరణ కాదు, ఆత్మరక్షణ.

రన్నింగు సిబ్బందికి వేరుగా ఒక మాట. బండి నడుస్తున్న వేళ సొంత ఫోను ఆపి ఉంచవలెనన్న నియమము మన ప్రాణాల కొరకు, ప్రయాణికుల ప్రాణాల కొరకు ఏర్పడినది. ఏ యాప్ కొరకైనా, ఎవరి ఆజ్ఞపైనైనా ఇంజను క్యాబులో హాట్‌స్పాట్ తెరవరాదు. ఆ విషయంలో మా సంఘము ఎవరినీ వెనకేసుకు రాదు.

ఇక మన కార్యక్రమము. లైను పోయిన ప్రతిసారీ తేదీ, గంట, నిమిషము ఎర్రర్ బుక్కులోనో, స్టేషను డైరీలోనో వ్రాయండి. ఫిర్యాదు నంబరు తీసుకోండి. మూడు నెలల వివరాలు శాఖా కార్యదర్శికి పంపండి. వీటితో మేము యాజమాన్యము ముందు నాలుగు కోరికలు పెడతాము. ప్రతి కార్యాలయానికి శాఖ ఖర్చుతో, వేరొక కంపెనీ సిమ్‌తో, రెండవ లైను ఉండవలెను. ఆదేశముపై సొంత డేటా వాడినవారికి ఆ ఖర్చు తిరిగి ఇవ్వవలెను. లైను లేని గంటలకు లక్ష్యాలు తప్పాయని ఎవరిపైనా చర్య తీసుకోరాదు. శిక్షణ ఉద్యోగి భాషలో జరగవలెను.

చివరగా, దీనినంతా విని పంచుకొనుటే తప్పని ఎవరూ ఇంటికి వెళ్ళవద్దు. రన్నింగు రూములో తోటి కార్మికుని కుమార్తె పరీక్ష దరఖాస్తుకు ఆఖరు రోజున సిగ్నలు దొరకకపోతే, మీ ఫోను తెరచి ఇవ్వండి. ధర్నా శిబిరములో పది మంది పింఛను అర్జీలు పంపవలసివస్తే ఇవ్వండి. తోటివారికి మన ఇష్టముతో ఇచ్చేది సహాయము. యజమాని మన చేత ఇప్పించుకునేది పన్ను. ఈ రెండింటికీ భేదము తెలిసి మెలగవలెనని, మీ శాఖలకు తిరిగి వెళ్ళి ఈ భేదమును ప్రతి సభ్యునికి తెలియజెప్పవలెనని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.