దాది వ్రాసిన లెక్క



నేను ముప్పది యేండ్లు బడిలో హాజరుపట్టీ వ్రాసినవాడను. ఏ మాసమున ఏ పిల్లలు రాలేదో చూచినచో ఊరి కష్టసుఖములు తెలియుచుండెను. రోగి ప్రక్కనుండు నర్సు వ్రాయు లెక్కయు నట్టిదే. ఆ లెక్క దొరతనములనే కదలించినదని నేడు మనవి చేయదలచితిని.

క్రిమియా యుద్ధకాలమున, 1854లో, ఫ్లారెన్సు నైటింగేలు అను ఆంగ్లవనిత 38 మంది దాదులతో స్కుటారి సైనికవైద్యశాలకు బోయెను. అచ్చట గాయములచే మడిసినవారికంటె రోగములచే మడిసినవారే యెక్కువ. 1855 మార్చిలో వచ్చిన ఆరోగ్యసంఘమువారు మురుగుకాలువలు బాగుచేయించి గదులకు గాలి వచ్చునట్లు చేసిరి, మరణములు తగ్గెను. యుద్ధానంతరము ఆమె దుఃఖించి యూరకుండలేదు. విలియం ఫార్ అను గణాంకవేత్త తోడ్పాటుతో మరణముల లెక్క తీసి, చదువ నోపిక లేని మంత్రులకు సైతము తెలియునట్లు రంగుపటములుగా చూపెను.

పిమ్మట ఆమె దృష్టి మన దేశముపై బడెను. ఇచ్చటికి ఒక్కమారైనను రాకయే, దండు స్థావరములకు ప్రశ్నపత్రములు పంపి జవాబులు తెప్పించెను. ఇచ్చటి ఆంగ్లసైనికులలో ఏటేట వేయింటికి 69 మంది చనిపోవుచుండిరని 1863 నాటి నివేదిక తేల్చెను. చెడ్డనీరు, మురుగు, ఇరుకు బసలు కారణములని యామె చూపెను. 1864లో మదరాసు, బొంబాయి, బంగాళములందు పారిశుద్ధ్యసంఘములు వెలసెను. 1873లో ఆ సంఖ్య 18కి దిగినదని యామెయే వ్రాసెను.

ఇది పాతకథ మాత్రమే కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున 168 ఆసుపత్రులను పరిశీలించి లిండా ఐకెన్ అను నర్సు, ఆమె తోడివారు 2002లో ఒక సంగతి ప్రకటించిరి. నర్సు చేతిక్రింద రోగి యొక్కడు పెరిగినకొలది, శస్త్రచికిత్స పొందినవారికి నెలలోపల ప్రాణభయము నూటికి ఏడుపాళ్లు పెరుగుచున్నదట. నర్సునకు రోగులెందరుండవలెనో 2016లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు ప్రభుత్వము శాసించెను. పిదప పరిశీలింపగా అచ్చట మరణములు తగ్గినట్లు తేలెను.

పెద్దలారా, ఒక తప్పు ఒప్పుకొనుచున్నాను. మా యూర ఒక పసికందు పురిటిలోనే పోయినపుడు, ఊరికి పేరు చెడునని, "ఈ చావు వ్రాయవలదమ్మా" యని నర్సమ్మను బ్రతిమాలినవారిలో నేనొకడను. ఆమె వినక వ్రాసెను. ఆ యేట అట్టివి మూడు ఆమె పుస్తకమున చేరుటచేతనే పైయధికారులు విచారణకు వచ్చి, కాన్పులకు రాత్రివేళ బండి నేర్పాటు చేసిరి. మా మాట నెగ్గియుండినచో ఆ బండి వచ్చెడిది కాదు.

కావున నర్సమ్మ పుస్తకముతో మీ వాకిట నిలిచినపుడు ఉన్నది ఉన్నట్లు చెప్పుడు. మరుగుపరచిన చావునకు మందు ఎవ్వరును వెదకరు. సెలవు.