సిగ్నల్ పైకి చెప్పాలి

(కోల్‌కతాలో మన బ్యాంకు తెలుగు సిబ్బంది కుటుంబాల ఉగాది కలయికలో చేసిన ప్రసంగ పాఠం)

 

క్లోజింగ్ పని నెత్తిమీద ఉన్నా ఇంతమంది వచ్చారంటే అది పులిహోర మహిమేనని నాకు తెలుసు. అందుకే భోజనాలు ఆలస్యం చేయను. నన్ను నా అభిరుచి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. వింటే మీకు నవ్వు రావచ్చు. నేను కంప్యూటర్‌లో రైలు నడుపుతాను. నలభై ఆరేళ్ళ వయసులో మొదలుపెట్టాను. ఎందుకు మొదలుపెట్టానో చెప్పాలంటే ముందు నా జబ్బు పేరు చెప్పాలి. కిందటి ఏడాది నాకు క్షయ వచ్చింది. అదే, టీబీ.

ఈ మాట మైకు ముందు చెప్పడానికి నాకు ఏడాది పట్టింది.

ఆ ఫిబ్రవరిలో దగ్గు మొదలైంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. చీరలు వదులైతే బరువు తగ్గానని సంతోషించాను కూడా. మావారు డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ‘మార్చి క్లోజింగ్ అయ్యాక చూద్దాం’ అన్నాను. కిస్తీ ఒక్క రోజు ఆలస్యమైతే ఆ ఖాతాను ఎస్‌ఎంఏ-0 అని గుర్తుపెట్టే మనిషిని. ఎంబీఏలో రిస్క్ మేనేజ్‌మెంట్ చదువుకున్నదాన్ని. నా దగ్గుకు మాత్రం రెండు నెలలు గడువిచ్చి, సిరప్పుతో నెట్టుకొచ్చాను. ఏప్రిల్‌లో ఎక్స్‌రే తీశారు, కళ్ళె పరీక్ష చేశారు. ఆరు నెలలు మందులు వాడాలన్నారు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాతి నాలుగు నెలలు మూడు రకాలు, రోజూ తప్పకుండా. మావారికీ, మా అబ్బాయికీ కూడా పరీక్షలు చేయించాం. వాళ్ళకు ఏమీ లేదని తెలిసిన రాత్రి మాత్రమే నేను నిద్రపోయాను.

మేముండేది ఢాకురియాలో. మొదటి కొన్ని వారాలు నేను వేరే గదిలో మాస్కు పెట్టుకుని ఉండాలి, కిటికీలు ఎప్పుడూ తెరిచే ఉంచాలి. ఆ కిటికీలోంచి సియాల్దా దక్షిణ లైను లోకల్ రైళ్ళ చప్పుడు వినిపించేది. వేరే పని లేదు కదా, ఏది ఆగుతున్న బండో, ఏది బయల్దేరుతున్న బండో చప్పుడును బట్టి పోల్చుకోవడం అలవాటైంది. ఒకరోజు ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి గుమ్మం బయట నిలబడి, ‘అమ్మా, నువ్వే నడుపుతావా?’ అని అడిగాడు. మావారి దగ్గర మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్ పాత సీడీ ఉంది. 2001లో వచ్చిన ఆట అది. దాని మార్గాలను ఇప్పటి కంప్యూటర్లలో నడిపించే ఓపెన్ రైల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను అభిమానులే తయారుచేశారు. మన దేశపు ఇంజన్లు, బోగీలు, మార్గాలు కూడా అభిమానులు ఓపికగా చేసిపెట్టారు.

మొదటిరోజు ప్లాట్‌ఫాం కనిపించాక బ్రేకు వేశాను. బండి స్టేషన్ మొత్తం దాటిపోయి పొలాల్లో ఆగింది. ప్రయాణికులు నిజమైనవాళ్ళయితే నా మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చేవో! వెయ్యి టన్నుల దరిదాపుల్లో ఉన్న బండి వేగంలో ఉంటే ఆగడానికి కిలోమీటరు వరకు పడుతుందని అప్పుడే తెలిసింది. స్టేషన్ కనిపించకముందే ఆపడం మొదలుపెట్టాలి. రోజుకు గంటసేపు అదే పని. ఆ గంటలో వికారం, ఒంటి నొప్పులు, ‘నాకే ఎందుకు’ అనే ప్రశ్న, ఏవీ గుర్తుండేవి కావు. ఇంగ్లండులో సెటిల్-కార్లైల్ మార్గంలో 24 కమానుల రిబుల్‌హెడ్ వంతెన మీదుగా బండి నడిపాను. ఆ మార్గాన్ని మూసేద్దామనుకున్నారట. జనం ఏళ్ళ తరబడి పోరాడితే 1989లో ఆ ఆలోచన మానుకున్నారు. మంచం మీద ఉన్నవాళ్ళకు ఇలాంటి కథ ఎంత బలమిస్తుందో చెప్పలేను.

మా కింది వాటాలో ఒక పెద్దాయన ఉంటారు. రిటైరైన లోకో పైలట్. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన తెలుగాయన. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి పనికి వచ్చారట. అలా వచ్చిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో ఎన్నో ఉన్నాయని మీకు తెలుసు. రైలు హారన్ విని ఆయన మా అబ్బాయిని ఆరా తీశారు. ఇక రోజూ ఫోనులో పాఠాలే. ‘అమ్మా, బ్రేకు పైపులో గాలి ఒత్తిడి అయిదు కేజీలుంటుంది. ముందు కొంచెమే తగ్గించు. బండి ఏమంటుందో చూడు. వేసి, వదిలి, మళ్ళీ వేశావనుకో, గాలి నిండడానికి టైముండదు, అవసరానికి బ్రేకు అందదు’ అనేవారు.

డాక్టరు నలుగురిలోకి వెళ్ళవచ్చన్నాక ఒక సాయంత్రం ఆయన పైకి వచ్చారు, నా రైలు చూద్దామని. నాకు గుండె గుబేలుమంది. అపార్టుమెంటులో, బ్రాంచిలో, ఆఖరికి రాజమండ్రిలో మా అమ్మకు కూడా న్యుమోనియా అని చెప్పాం. టీబీ అంటే గ్లాసు వేరుగా పెడతారని, మా అబ్బాయితో పిల్లల్ని ఆడనివ్వరని భయం.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను నడుపుతున్నాను. ‘సిగ్నలేంటి?’ అన్నారు. ‘కనిపిస్తోంది కదా బాబాయిగారూ, డబుల్ ఎల్లో’ అన్నాను. ‘కనిపిస్తే చాలదమ్మా. క్యాబ్‌లో ఇద్దరం ఉంటాం. ఇద్దరికీ కనిపిస్తుంది. అయినా ఒకరు పైకి అనాలి, రెండోవాళ్ళు తిరిగి అనాలి. ఎవరికి వాళ్ళం చూసి ఊరుకుంటే ఎదుటివాడు చూశాడో లేదో తెలిసేదెలా?’ అన్నారు.

బండి ఆపేశాను. ‘బాబాయిగారూ, నాకు వచ్చింది న్యుమోనియా కాదు, టీబీ’ అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘మందులు వేసుకుంటున్నావా?’ అన్నారు. ‘వేసుకుంటున్నాను’ అన్నాను. ‘అయితే బండి తియ్యి, వెనక బండ్లు ఆగిపోతాయి’ అన్నారు. మావారు తెచ్చిన టీ మా ఇంటి గ్లాసులోనే తాగి వెళ్ళారు.

ఆ వారమే మా మేనేజర్‌గారికి ఫోన్ చేసి చెప్పాను. అమ్మకు చెప్పాను. అమ్మ ఏడ్చింది, నాకు టీబీ వచ్చినందుకు కాదు, దాచినందుకు. బ్రాంచిలో ఇద్దరు ముగ్గురు దూరం జరిగారు, అబద్ధమెందుకు? కానీ ఒక సబ్‌స్టాఫ్ అబ్బాయి సాయంత్రం విడిగా ఫోన్ చేసి, వాళ్ళ నాన్నగారికి నెల రోజులుగా దగ్గు అని చెప్పాడు. మర్నాడే పరీక్షకు పంపించాం.

మూడో నెలలో నాకు ఆకలి పెరిగింది, జ్వరం లేదు, బరువు పెరిగాను. ఇక మందులెందుకు అనిపించింది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. మధ్యలో మానేస్తే మిగిలిన క్రిములు ఆ మందులకు లొంగకుండా తయారుకావచ్చు. అప్పుడు చికిత్స ఇంకా కష్టం. ఇంజన్లో డ్రైవరు మెలకువగా ఉన్నాడో లేదో కనిపెట్టే పరికరం ఒకటి ఉంటుంది. కాసేపు ఏ మీటా కదపకపోతే దీపం వెలుగుతుంది, బజర్ మోగుతుంది, అప్పటికీ పలకకపోతే బ్రేకు దానంతటదే పడుతుంది. మా ఇంట్లో ఆ ఉద్యోగం మా అబ్బాయిది. రోజూ పొద్దున్నే ‘మాత్రలు!’ అని అరిచేవాడు. నేను ‘వేసుకున్నా!’ అని తిరిగి అరిస్తేగానీ స్కూలుకు కదిలేవాడు కాదు. పూజ పందిళ్ళు లేచే రోజుల్లో ఆరో నెల నడిచింది.

మందులు పూర్తయ్యాక ఫలక్‌నుమా ఎక్కి అమ్మ దగ్గరికి వెళ్ళాను. కోలాఘాట్ దగ్గర రూపనారాయణ్ వంతెన దాటుతుంటే నేనూ మా అబ్బాయీ కిటికీకి ముఖాలు ఆనించి, పక్క లైను సిగ్నళ్ళు చూసి పైకి అనడం మొదలుపెట్టాం. ఎదుటి సీటాయన మమ్మల్ని వింతగా చూశాడు. చూడనివ్వండి.

ఆఖరిగా ఒక్క మాట. దగ్గు రెండు వారాలు దాటితే క్లోజింగ్ అయ్యేదాకా ఆగకండి, పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలూ మందులూ ఉచితం. పోషకాహారం కోసం 2024 నవంబర్ నుంచి నెలకు 1,000 రూపాయలు ఖాతాలో వేస్తున్నారు. మీ ఇంటి పనిమనిషికో, బ్రాంచి వాచ్‌మన్‌కో ఈ సంగతి చెప్పండి. ఎవరైనా ‘నాకు టీబీ’ అని చెబితే, టీ ఇవ్వండి.

మా అబ్బాయి ల్యాప్‌టాప్ తెచ్చాడు. భోజనాలయ్యాక పిల్లలెవరైనా రైలు నడపాలనుకుంటే పక్క గదిలోకి రండి. పెద్దలూ రావచ్చు. ప్లాట్‌ఫాం దాటి పొలాల్లోకి వెళ్ళిపోయినా ఎవరూ ఫిర్యాదు చేయరు.