ప్రోస్టేట్ ఆపరేషన్ అయ్యాక నాన్న మళ్ళీ సైకిల్ ఎప్పుడు ఎక్కాలి?

టైటిల్ చూసి "ఇది మాకెందుకు బ్రో, నా వయసు ఇరవై రెండు" అని పైకి తోసేసేవాళ్ళు ఉంటారు. ఒక్క నిమిషం ఆగండి. మీ ఇంట్లో అరవై దాటిన నాన్నో, మామయ్యో, తాతయ్యో ఉంటే, వాళ్ళు ఈ విషయం ఫోన్లో వెతకరు, డాక్టర్ని అడగరు, చాలాసార్లు అమ్మకి కూడా చెప్పరు. అందుకే మీరు వినాలి.

ముందు అసలేంటో చూద్దాం. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంగరంలా ఉండే గ్రంథి ప్రోస్టేట్. వయసు పెరిగేకొద్దీ అది కూడా పెరుగుతుంది. పెరిగితే మధ్యలో ఉన్న నాళం నొక్కుకుపోతుంది. ధార సన్నబడుతుంది, రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వస్తుంది. ఇలా పెరగడం క్యాన్సర్ కాదు. సైకిల్ తొక్కడం వల్ల వచ్చిందీ కాదు, ఇది వయసు, హార్మోన్ల వ్యవహారం. మందులకి లొంగకపోతే ఎక్కువగా చేసే ఆపరేషన్ టీయూఆర్‌పీ. మూత్రనాళం గుండానే పరికరం పంపి, అడ్డొచ్చిన కండని కరెంటు లూప్‌తో ముక్కలు ముక్కలుగా తీసేస్తారు. లేజర్‌తో చేసే హోలెప్ కూడా ఇదే దారిలో జరుగుతుంది.

ఇప్పుడు అసలు పాయింట్. బయట కోత లేదు, కుట్లు లేవు, కట్టు లేదు. అందుకే మనిషిని పేషెంట్ అని ఎవరూ అనుకోరు, ఆయనతో సహా.

మా నాన్న ఖమ్మంలో రిటైర్డ్ లైన్‌మన్. ఆపరేషన్ అయిన మూడో రోజు పైపు తీశారు, నాలుగో రోజు ఇంటికొచ్చేశారు. చూడ్డానికొచ్చిన చుట్టాలు "ఎక్కడ చేశారు?" అంటే చూపించడానికి ఏమీ లేదు. డిశ్చార్జ్ కాగితంలో "బరువు పనులు చేయరాదు" అని ఒక్క ముక్క ఉంది. సైకిల్ అనే మాటే లేదు. ముప్పై ఏళ్ళకు పైగా స్తంభాలెక్కిన మనిషికి సైకిల్ బరువు పనెలా అవుతుంది? ఆయన లెక్కలో అది రెస్ట్. పన్నెండో రోజు పొద్దున్నే పాల కేంద్రానికి సైకిల్ మీద వెళ్ళొచ్చారు, రాను పోను నాలుగు కిలోమీటర్లు. సాయంత్రానికి మూత్రం ఎర్రగా వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. బాత్రూమ్‌లో రెండేసి బకెట్ల నీళ్ళు పోస్తుంటే అమ్మకే అనుమానం వచ్చింది.

డాక్టర్‌కి ఫోన్ చేస్తే ఆయన చాలా ఓపికగా చెప్పారు. లోపల కండ తీసిన చోట పచ్చిపుండు ఉంటుంది, దాని మీద పక్కు కడుతుంది. పది పద్నాలుగు రోజుల ప్రాంతంలో ఆ పక్కు ఊడుతుంది. అప్పుడు సైకిల్ ఎక్కకపోయినా కొంచెం రక్తం పడొచ్చు. కానీ సరిగ్గా ఆ టైంలోనే సీటు మీద కూర్చుని గుంతల్లో ఎగిరితే పుండుని కదిపినట్టే. నీళ్ళు బాగా తాగించి పడుకోబెట్టమన్నారు. గడ్డలు పడినా, మూత్రం ఆగిపోయినా, జ్వరం వచ్చినా రేపటిదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురమ్మన్నారు. గడ్డ అడ్డం పడితే మూత్రాశయం నిండిపోతుంది, అది ఎమర్జెన్సీ. మాకు అంతదాకా రాలేదు. రెండు రోజుల్లో రంగు తేలిపోయింది.

మరి ఎప్పుడు ఎక్కాలి? లోపల పుండు పూర్తిగా మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. సైకిల్‌కి కనీసం ఆరు వారాలు అనుకోండి, ఆ తర్వాత కూడా రివ్యూలో డాక్టర్ సరే అన్నాకే. అక్కడ "ఎక్సర్‌సైజ్ చేయొచ్చా" అని అడగకండి, "సైకిల్ తొక్కొచ్చా" అని ఆ మాటే వాడి అడగండి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు అవి మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా అక్కడే అడగాలి. సొంతంగా ఆపడం, మొదలెట్టడం రెండూ ప్రమాదమే. ఇంకోటి, ఇంట్లో కదలని ఎక్సర్‌సైజ్ సైకిల్ ఉంటే "ఇది రోడ్డు మీద కాదుగా" అంటారు. గుంతలు ఉండవు, నిజమే. కానీ సీటు అదే, కూర్చునే చోటూ అదే. ఈలోపు నడక చాలు.

సీటు సంగతి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే మనవాళ్ళు గేర్లు చూస్తారు, సీటు చూడరు. నిటారుగా కూర్చుంటే బరువు పిరుదుల ఎముకల మీద పడుతుంది. స్పోర్ట్స్ సైకిల్ మీద ముందుకు వంగితే అది సీటు ముక్కు మీదకి, అంటే వృషణాలకీ మలద్వారానికీ మధ్య ఉన్న మెత్తటి భాగం మీదకి జారుతుంది. ప్రోస్టేట్ సరిగ్గా దానిపైనే ఉంటుంది. నరాలు, రక్తనాళాలు పోయేదీ అక్కడే, అందుకే తిమ్మిరి. అమెరికాలో సైకిల్ మీద గస్తీ తిరిగే 90 మంది పోలీసులకి ఆరు నెలలు ముక్కులేని సీట్లిచ్చి చూశారు, 2008లో ఆ ఫలితాలు వచ్చాయి. తిమ్మిరి బాగా తగ్గింది.

మా ఇంట్లో తమాషా ఏంటంటే, నేను నాన్నకి హైదరాబాద్ నుంచి సన్న సీటున్న హైబ్రిడ్ సైకిల్ కొనిస్తానన్నా. ఆయన పాత అట్లాస్‌కి వెడల్పాటి స్ప్రింగుల సీటు, ఎత్తు హ్యాండిల్. ఈ పనికి అదే నయం! దాని ఇబ్బందల్లా కాలు విసిరి అడ్డకడ్డీ దాటించడమే. అడ్డకడ్డీ లేని సైకిల్ అయితే ఎక్కడం తేలిక, కానీ "లేడీస్ సైకిల్ నేను తొక్కను" అన్నారు. దాని మీద వాదించి నెగ్గలేకపోయాం. అరుగు పక్కన ఆపి, అరుగు మీంచి ఎక్కుతున్నారు.

ఏడో వారం డాక్టర్ సరేనన్నాక మొదలుపెట్టారు. మొదటి రోజు పది నిమిషాలు, ఇంటి చుట్టూ వీధుల్లోనే. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు అర్జెంటుగా రావడం, ఒక్కోసారి చుక్కలు పడటం మామూలే, కాబట్టి బాత్రూమ్ దగ్గర్లో ఉండాలి. స్పీడ్ బ్రేకర్ దగ్గర పెడల్స్ మీద లేచి నిలబడాలి. ఇంటికొచ్చాక మూత్రం రంగు చూసుకోవాలి. ఎర్రబడితే సైకిల్ పక్కనపెట్టి డాక్టర్‌కి ఫోన్ చేయాలి. ఆ రంగు చూసి నాకు వాట్సాప్‌లో "క్లియర్" అని ఒక్క మాట పెడతారు. ఆఫీసులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇంత మంచి స్టేటస్ అప్‌డేట్ నాకెవరూ ఇవ్వలేదు.

చుక్కలు పడేవాళ్ళకి కెగెల్ వ్యాయామం పనికొస్తుంది. గ్యాస్ రాకుండా బిగపట్టినట్టు ఆ కండరాన్ని బిగించి, కొన్ని సెకన్లు ఉంచి వదలడమే. ఎప్పుడు మొదలెట్టాలో డాక్టర్ చెప్తారు.

ఇదంతా వయసుతో పెరిగిన ప్రోస్టేట్‌కి చేసే టీయూఆర్‌పీ గురించి. క్యాన్సర్‌కి గ్రంథి మొత్తం తీసేస్తే కథ వేరు. అక్కడ మూత్రాశయాన్ని, నాళాన్ని మళ్ళీ కలిపి కుడతారు, సైకిల్‌కి ఇంకా ఎక్కువ కాలం ఆగాలి. ఆ లెక్క సర్జన్ దగ్గరే తీసుకోండి, నా వీడియోలోంచి కాదు.

చివరిగా ఒకటి. తర్వాతెప్పుడైనా పీఎస్ఏ రక్తపరీక్ష రాస్తే, దానికి ముందు రెండు రోజులు సైకిల్ తొక్కొద్దని చెప్తారు, ఆ అంకె పెరిగి కనిపించే అవకాశం ఉందని. మా నాన్న పరీక్ష వచ్చే నెలలో ఉంది. ఆ రెండు రోజులు అట్లాస్ తాళం అమ్మ దగ్గర ఉంటుంది.

మీ నాన్నగారు ఏ సైకిల్ తొక్కుతారో నాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.