అంగడి లెక్కయు, కళాశాల లెక్కయు

(మన సంఘ విద్యార్థి సత్కార సభలో చేసిన ప్రసంగ పాఠము)



మెట్రిక్యులేషనుతో చదువు చాలించి అంగడిలో కూర్చున్న మాకు కళాశాల గణితమును గూర్చి మాటలాడు అర్హత ఎక్కడిదని మీరనవచ్చును. అది నిజమే. కాని మేము చేసిన యొక పొరపాటును మీ యెదుట చెప్పుకొనుట విధి యని తలంచితిమి.

రెండేండ్ల క్రిందట మన కుటుంబములలోని యొక పిల్లవాడు బి.కాం. మొదటి యేట గణితమున తప్పెను. తండ్రిగారు మా సలహా నడిగిరి. "కూడిక, తీసివేత వచ్చును గదా, అంగడికి అంతకన్న నేల?" అని మేమంటిమి. పిల్లవాడు చదువు మానెను. పిమ్మట అతని పుస్తకము మా చేతికి వచ్చెను. మాట మాటకు అర్థము వెదకుకొనుచు కొన్ని రాత్రులు చదివితిమి. అందున్నది మన అంగడియే యని తెలిసి సిగ్గుపడితిమి.

ఆ శాస్త్రమునకు పరిమిత గణితమని పేరు. సమితులు, లెక్కించు పద్ధతులు, సంభావ్యత, మాత్రికలు, లీనియర్ ప్రోగ్రామింగు మొదలగునవి అందలి భాగములు. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో పని చేసిన కెమెనీ, స్నెల్, థాంప్సన్ అను మువ్వురు 1957లో ఈ పేరుతో పాఠ్యగ్రంథము వెలువరించిరి. పేరు క్రొత్తదైనను విషయము మనకు క్రొత్త కాదు. ఈ కర్ణాటక దేశముననే 9వ శతాబ్దమున, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచించెను. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యములలో వెలయించెను. మనము నివసించు నేలకును మన భాషకును నడుమ లెక్కయే యొక వంతెన యయ్యెను.

ఉగాది పచ్చడినే చూడుడు. రుచులు 6. అందు మూడేసి రుచులు కలుపు విధములెన్ని? 6, 5, 4 గుణించి, 1, 2, 3 గుణించిన దానిచే భాగింపుడు, 20 వచ్చును. ఒక్కొక్కటి మొదలు ఆరింటి వరకు అన్ని విధములను కూడిన 63. షడ్రుచుల మేళనమును గూర్చిన యిట్టి ప్రశ్నను మహావీరుడే వేసియున్నాడు.

ఇక గోదాము మాట. 60 బస్తాలకు చోటు, చేతిలో 1,60,000 రూపాయలు ఉన్నవనుకొందము. కందిపప్పు బస్తా 5,000కు వచ్చి 300 లాభమిచ్చును. బియ్యపు బస్తా 1,500కు వచ్చి 120 ఇచ్చును. పప్పే కొన్నచో 32 బస్తాలు, లాభము 9,600. బియ్యమే కొన్నచో 60 బస్తాలు, లాభము 7,200. పప్పు 20, బియ్యము 40 కొన్నచో సొమ్మును చోటును సరిగా సరిపోయి 10,800 వచ్చును. మేము దీనిని అనుభవముతో తడవి చూచెదము. విద్యార్థి కాగితముపై రెండు గీతలు గీచి, అవి కలిసిన మూలను చూపును. సరకులు రెండు గాక రెండు వందలైనచో మన తడవులాట చాలదు. అట్టి వానికై డాంట్‌జిగ్ అను అమెరికా గణితజ్ఞుడు 1947లో సింప్లెక్సు పద్ధతిని కనిపెట్టెను.

మరి మన పిల్లలు తప్పుటకు హేతువేమి? ఇంట తెలుగు, వీథిలో కన్నడము, పరీక్షలో ఇంగ్లీషు. చిక్కు లెక్కలో కాదు, మాటలో. "అట్ లీస్ట్ 3" అనగా 3 గాని అంతకెక్కువ గాని. "అట్ మోస్ట్ 3" అనగా 3కు మించరాదు. ఈ రెండు మాటలు తారుమారైన సంభావ్యత లెక్క యంతయు తప్పును. ఇంటి భాషలో ఒక్కసారి విప్పి చెప్పువారుండిన చాలును.

కావున మా విన్నపము రెండు మాటలు. మన సంఘ భవనమున ఆదివారము ఉదయము రెండు గంటలు గణిత తరగతి నడపుదము. డిగ్రీ చదివిన మన యువతీ యువకులు బోధింపవలెను, గదికిని బల్లలకును అగు వ్యయము వర్తకులము భరింతుము. రెండవది, ఒక పరీక్ష తప్పినంత మాత్రమున ఆడపిల్లనైనను మగపిల్లవానినైనను చదువు మాన్పింపకుడు.

మేమా తండ్రిగారి యింటికి పోయి, మా సలహా తప్పని చెప్పి వచ్చితిమి. ఈ యేట ఆ పిల్లవాడు మరల పరీక్షకు రుసుము కట్టెను. ఫలమెట్లున్నను, అతని రెండేండ్లు మా యప్పుగా మా ఖాతాలో వ్రాసికొంటిమి. అట్టి యప్పు మీలో మరెవ్వరికిని కలుగకుండుగాక!