పసిపిల్లలూ, పాటీ కుర్చీ, ఒక అమ్మమ్మ పరువూ
(ఉగాది ఉత్సవాల మహిళాసభలో చేసిన ప్రసంగపాఠం)

నాలుగు మాటలు మాట్లాడమని కార్యదర్శిగారు ఫోన్ చేసినప్పుడు, దేన్నిగురించి అని అడిగాను. "పిల్లల పెంపకం గురించి మీకు తోచింది చెప్పండమ్మా" అన్నారు. నాకు తోచింది ఇదని చెప్పగానే కాస్సేపు ఆయన నోట మాట రాలేదు. తర్వాత "భోజనాలకు ముందు పెట్టమంటారా, తర్వాతా?" అని మాత్రం అడిగారు. ముందే పెట్టారు, సంతోషం.

ఈ హాల్లో త్యాగరాజస్వామి కీర్తనల గురించి గంటసేపు చెప్పగలవారు పదిమంది ఉన్నారు. రెండేళ్ళ పిల్లవాడికి దొడ్డికి కూర్చోవటం నేర్పటం ఎలాగో చెప్పేవారు ఒక్కరూ లేరు. ఏ ఇంటికి వెళ్ళినా కోడళ్ళు, కూతుళ్ళు వంటింట్లో గొంతు తగ్గించి అడిగేది మాత్రం ఇదే. కనుక నవ్వుకునేవారు నవ్వుకోండి, నేను చెప్పేది చెబుతాను.

తెనాలిలో మా అమ్మకు ఇది ఒక పనిగానే తెలియదు. పొద్దున పాలు పట్టగానే పీటమీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, పసివాణ్ణి పాదాలమీద కూర్చోబెట్టుకుని "స్... స్..." అనేది. ఏడాది తిరిగేసరికి ఆ చప్పుడుకీ, ఆ పనికీ వాడికి లంకె కుదిరేది. మొలతాడుకు పాత చీర ముక్క గోచీగా దోపితే అదే డైపరు. పెరడు ఉంది, ఎండ ఉంది, ఎత్తుకునేందుకు ఇంటినిండా ఆడవాళ్ళున్నారు. ఇవేవీ డబ్బు పెట్టి కొనలేదు. ఇదేదో మనవాళ్ళకే తెలిసిన విద్య అనుకోకండి. తూర్పు ఆఫ్రికాలో డిగో అనే జాతి తల్లులు ఇలాగే కాళ్ళమీద కూర్చోబెట్టి అయిదారు నెలలకే పిల్లలకు అలవాటు చేస్తారని 1977లో అమెరికాలోని పిల్లల వైద్యుల పత్రికలో రాశారు.

అమెరికాలో 1961లో ప్రోక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ పాంపర్స్ అమ్మకానికి పెట్టింది. దానికి మూలపురుషుడు విక్టర్ మిల్స్ అనే ఇంజనీరు. మనవల గుడ్డలు మార్చే బాధ పడలేక ఆ ఆలోచన చేశాడంటారు. తాతగారు విసుక్కుంటే ఒక పరిశ్రమే పుట్టింది. అమ్మమ్మలం మనం ఎన్ని తరాలు విసుక్కున్నా ఏమీ పుట్టలేదు. మరుసటి ఏడు, 1962లో, బ్రేజెల్టన్ అనే పిల్లల డాక్టరు 1,170 మంది పిల్లల వివరాలు ప్రకటించాడు. పిల్లవాడు తనంతట సిద్ధపడేదాకా ఆగితే పగటి అలవాటు సగటున 28 నెలల పదిహేను రోజులకు కుదిరిందని లెక్క తేల్చాడు. ఈ దేశంలోని పిల్లల వైద్యుల సంఘంవారు ఈనాటికీ చెప్పేది ఈ దారే. పిల్లవాడు కొన్ని గంటలు తడపకుండా ఉండగలగాలి, కుర్చీదాకా నడవగలగాలి, చెప్పిన చిన్న మాట అర్థం చేసుకోవాలి, తనకు కావలసింది ఏదో ఒక విధంగా చెప్పగలగాలి. అప్పుడు మొదలుపెట్టమంటారు.

నేను ఇవేవీ చదవకుండానే మొదలుపెట్టాను. అసలు కథ అదే.

మా అమ్మాయి, అల్లుడు న్యూటన్‌లో ఒక బేస్‌మెంటులో అద్దెకుంటారు. బట్టలు ఉతుక్కోవటానికి ఇంటివాళ్ళు వారానికి రెండు రోజులే ఇచ్చారు. డైపరు ఒకటి 30 సెంట్లు అనుకోండి. రోజుకు ఆరు. రోజుకు డాలరు 80 సెంట్లు, నెలకు 54 డాలర్లు, ఏడాదికి 657. పన్ను వేరే. పైగా మనవణ్ణి చేర్చుకుంటామన్న డేకేరువారు ముప్ఫై నెలలు నిండినవాళ్ళ గదిలోకి డైపరుతో రాకూడదన్నారు. 2024 అక్టోబరుకల్లా వాడికి ముప్ఫై నెలలు. ఆ చోటు దొరికితే అమ్మాయి పూర్తి ఉద్యోగానికి వెళ్ళవచ్చు. ఇక్కడ డేకేరులో చోటు దొరకటం ఎంత కష్టమో తల్లులకు నేను చెప్పనక్కర్లేదు.

"ఒక్క వారం నాకు వదిలెయ్యి. నిన్ను ఏడాదిన్నరకే మాన్పించాను" అన్నాను జూలైలో. నెల మటుకు మంచిదే ఎంచాను. సర్రీలో వానలు తగ్గేది, గుడ్డలు ఆరుబయట ఆరేది జూలై, ఆగస్టుల్లోనే గదా.

ఉచ్చ సంగతి నాలుగు రోజుల్లో దారిలో పడింది. వియ్యపురాలికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను. అయిదో రోజున గ్రంథాలయంలో పిల్లల విభాగంలో, తివాచీమీద, అందరి ముందూ వాడు రెండో పని కానిచ్చాడు. అక్కడ ఎవరూ ఏమీ అనలేదు. అన్నది నేను. "ఛీ, సిగ్గులేదూ! ఇంత పెద్దవాడివి!" అని రెక్క పట్టుకుని గుంజాను. వాడు ఏడవలేదు. నా మొహంకేసి చూశాడు, అంతే.

ఆ మర్నాటినుంచి పాటీ కుర్చీ చూస్తే పరదా వెనక్కి పోయేవాడు. కాళ్ళు బిగించి, మొహం ఎర్రబడి నిలబడేవాడు. అది ముక్కటం కాదు, ఆపుకోవటం అని నాకు తెలియలేదు. నాలుగు రోజులు గడిచాయి. కడుపు రాయిలా అయింది, అన్నం మానేశాడు. డాక్టరు దగ్గరకు పరుగెత్తాం.

డాక్టరుగారు విడమరిచి చెప్పారు. ఆపుకున్న కొద్దీ లోపల గట్టిపడుతుంది. గట్టిపడితే వచ్చేటప్పుడు నొప్పి. నొప్పి పుడితే పిల్లవాడు ఇంకా ఆపుకుంటాడు. మందు ఇచ్చి మెత్తబరిచారు. పాలు ఎన్ని తాగుతాడని అడిగారు. లీటరు పైమాటే! నేను మురిసిపోతూ పట్టినవే. ఈ వయసులో రోజుకు అరలీటరు చాలు, ముప్పాతిక లీటరు మించవద్దన్నారు. పండ్లు, నీళ్ళు పెంచమన్నారు. కొన్నాళ్ళపాటు పాటీ మాటే ఎత్తవద్దన్నారు.

కారులో అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. కింగ్ జార్జ్ బులెవార్డు మీద ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు అంది: "అమ్మా, వాడు నీ పరువు నిలబెట్టటానికి పుట్టలేదే."

నేను జవాబు చెప్పలేదు. మళ్ళీ రెండు పెట్టెల డైపర్లు నా డబ్బుతో కొన్నాను. అక్టోబరులో ఆ చోటు మరో పిల్లకు వెళ్ళింది. అమ్మాయి ఇంకో మూడు నెలలు సగం ఉద్యోగంతోనే నెట్టుకొచ్చింది. ఆ మూడు నెలల జీతం ముందు డైపర్ల ఖర్చు ఎంత? పొదుపు చేద్దామని తొందరపడితే అయిన ఖర్చు అది.

నవంబరులో వాడే కుర్చీ తెచ్చి హాల్లో పెట్టుకుని, బట్టలతోనే దానిమీద కూర్చుని బొమ్మల పుస్తకం చూడటం మొదలుపెట్టాడు. ఈసారి నేను నోరు కట్టుకున్నాను. సామగ్రి పెద్దగా ఏమీ లేదు. కుర్చీ పాత సామాన్ల దుకాణంలో నాలుగు డాలర్లకు కొని, వేణ్ణీళ్ళతో కడిగిందే. పది చెడ్డీల కట్ట ఒకటి. పక్కమీద దుప్పటి కింద డాలరు కొట్లో కొన్న స్నానాలగది పరదా. కారు సీటుమీద పాత తువాలు. పైకి లాక్కునే డైపర్ల జోలికి పోలేదు. ధర ఎక్కువ, పైగా పిల్లవాడికి తడి తెలియదు. పెద్ద టాయిలెట్ ఎక్కేటప్పుడు పాదాలు గాలిలో వేలాడితే ముక్కటానికి పట్టు దొరకదు. అందుకు మా అమ్మ ఇచ్చిన పీట వేశాను. పూజకోసం తెనాలినుంచి మోసుకొచ్చిన పీట అది. అమ్మ ఉంటే ఏమనేదో!

అన్నం తిన్న పావుగంటకు పేగుల్లో కదలిక సహజంగా వస్తుంది. అప్పుడు అయిదు నిమిషాలు కూర్చోబెట్టేదాన్ని. అయితే అయింది, లేకపోతే లేచిపో. అల్లుడు అయినప్పుడల్లా బొమ్మకారు కొనిస్తానన్నాడు. "నాయనా, రోజుకు రెండు కార్లంటే డైపర్లే చవక" అన్నాను. వాడికి నచ్చిన బహుమతి నీళ్ళు వదిలే మీట నొక్కి "టాటా" చెప్పటం. అది ఉచితం.

జనవరి నాటికి పగలు పూర్తిగా మానేశాడు. రాత్రి సంగతి వేరు, అది ఒంటి ఎదుగుదలమీద ఆధారపడేది. దానికి తొందరలేదు. ప్రభుత్వంవారు 2024 డిసెంబరు 14నుంచి రెండు నెలలు డైపర్లమీద పన్ను తీసేశారు. మేము కొనటం తగ్గించిన నెలలు చూసి మరీ తీశారు!

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. వేరే డేకేరులో చోటు దొరికింది. మొదటి రోజే చెడ్డీ తడిసి, పాడై ఇంటికొచ్చాడు. వీడు అడగలేదా అంటే, అడిగాడట. మా ఇంట్లో మాట "ఆయి". అక్కడి టీచరు పంజాబీ ఆవిడ. వీడు "ఆయి, ఆయి" అంటే, వాళ్ళ భాషలో "వచ్చింది" అని గదా, ఎవరొచ్చారా అని పాపం ఆవిడ గుమ్మంకేసి చూసిందట. వీడు మళ్ళీ "ఆయి" అన్నాడు. ఆవిడ మళ్ళీ చూసింది. అంతలో వచ్చేసింది.

ఇంగ్లీషు మాట నేర్పుదామన్నాడు అల్లుడు. అమ్మాయి ఒప్పుకోలేదు. తనకు చిన్నప్పుడు ఇలాగే ఒక్కొక్క మాటే పోయిందట. ఒక అట్టమీద నాలుగు మాటలు రాసి పంపింది: ఆయి, ఉచ్చ, నీళ్ళు, అమ్మమ్మ. టీచరు దాన్ని గోడకు అంటించింది. ఇప్పుడు ఆ గదిలో పంజాబీ పిల్లలు, చైనా పిల్లలు కూడా "ఆయి" అనే అడుగుతున్నారట.

ఆ నాలుగు డాలర్ల కుర్చీ శుభ్రంగా కడిగి కారు డిక్కీలో పెట్టి తెచ్చాను. కావలసినవాళ్ళు భోజనాల దగ్గర నన్ను అడగండి. పీట మాత్రం ఇవ్వను, రెండో మనవరాలు మేలో వస్తోంది.